వణకని చుక్క

కళ్లజోళ్ల షాపాయన మేడ మీద టెలిస్కోపు పెడితే దోమలు కూడా చెప్పులు విప్పి ఎగురుతాయి. చెబుతున్నది నేను కాబట్టి నమ్మొచ్చు. గంటసేపు తీసే ఫొటోలో నక్షత్రాలు సాగిపోకుండా, ఒక చిన్న కెమెరా ఏదో ఒక చుక్కను పట్టుకుని, టెలిస్కోపును దాని వెంటే తిప్పుతుంది. పట్టు జారితే కంప్యూటర్ తెర మీద గీత వణుకుతుంది. ఆ వణుకంటే ఆయనకు హడల్. రేపటి నుంచి మేడ మీద సెల్ టవర్ పని. నీహారికను, అంటే చుక్కల మధ్య వెలిగే ధూళి మబ్బును, ఫొటో తీయడానికి ఇదే ఆఖరి రాత్రి. ఆయన ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. గీత లాగి కట్టిన తీగలా ఉంది.

"చూశావా, ఒక్క వణుకు లేదు," అన్నాడు భార్యతో, గుసగుసగా.

"ఈ గాలికి నా దుప్పటే ఆగట్లేదు. మీ చుక్క అంత బుద్ధిగా ఉందేంటండీ?"

ఆయన గబుక్కున లేచాడు. చిన్న కెమెరాకు అరచెయ్యి అడ్డం పెట్టాడు. ఆకాశం మాయమైనా చుక్క తెర మీద వెలుగుతూనే ఉంది. ఇంతసేపూ పట్టుకున్నది నక్షత్రాన్ని కాదు, కెమెరాలోనే పాడై ఎప్పుడూ వెలిగే మచ్చని.

"చంద్రుడు రాకముందే మళ్లీ మొదలెట్టండి," అందావిడ.

అసలు చుక్కను వెతికి పట్టించాడు. గాలికి గీత కొద్దిగా వణికింది. అప్పుడు ఊపిరి వదిలాడు.