దేవుడు లేని గుడికీ మైలే

నా కొడుకు పోయి ఇంకా ఏడాది తిరగలేదు. మనసు మళ్లుతుందని మా తమ్ముడు నన్ను కారులో ఎక్కించుకుని గండికోట, ఆ తర్వాత సముద్రం చూపిస్తానన్నాడు. ఈ రోజు కోటలో పాడుబడిన గుడి గడప దగ్గర మరదలు నన్ను ఆపేసింది.

"నువ్వు ఈడే ఉండు వదినా. ఏడాది దాకా గుడి తొక్కగూడదు."

"లోపల దేవుడే లేడు గదమ్మా, ఉండేటివి గబ్బిలాలు."

"దేవుడు లేకుంటే ఏం, గుడి గుడే గదా."

సరేనని, గబ్బిలాలకు నా మైల అంటకుండా బయట ఎండలో రాయి మీద కూర్చున్నాను. వాళ్లు లోపలికి పోయి చక్కగా ఫోటోలు దిగారు, చెప్పులతోనే.

రేపు సముద్రం. నా కొడుకు చూడాలని ఆశపడి, చూడకుండానే పోయాడు. దానికీ మైల అంటుతుందేమో, తెలిసినవాళ్లు తెల్లారేలోగా చెప్పండి.