చెదల సైనికులు, నా చెక్కపెట్టె

ఇంజనీరింగ్ పూర్తయి ఉద్యోగం ఇంకా రాని ఆ రోజుల్లో, ఏ సమస్యనైనా జాబితాగా రాస్తే సగం తీరినట్టేనని నమ్మేవాణ్ణి. (మిగతా సగం ఎవరు తీరుస్తారో జాబితాలో ఉండేది కాదు.) ఖరగ్‌పూర్‌లోని మా రైల్వే క్వార్టర్‌లో వెనకగది గోడ మీద చెదలు మట్టిదారి కట్టుకుంటూ, నా సర్టిఫికెట్లున్న చెక్కపెట్టె వెనక్కి చేరాయి. మరో వారంలో ఇండస్ట్రియల్ పార్కులో ఒక ఫ్యాక్టరీవాళ్ళకు అసలు కాగితాలు చూపించాలి. మందు కొడదామంటే అమ్మ ఒప్పుకోలేదు. అదీ పుట్టమన్నేనట, నాగులచవితి నాలుగు రోజుల్లో ఉందట. అప్పటికే గోడకు పసుపు రాసి బొట్టు కూడా పెట్టేసింది. పెట్టె మాత్రం వెంటనే అక్కణ్ణుంచి తీసెయ్యమంది.

తీస్తే పరిశీలన పాడవుతుందని నేను తీయలేదు. మట్టిదారిని పుల్లతో కాస్త గీకి, ఫోనుకు భూతద్దం తగిలించి కూర్చున్నాను. చిల్లు చుట్టూ పుట్టకు కాపలా కాసే సైనిక చెదలు వచ్చి నిలబడ్డాయి. రాసుకున్నాను: ఒకటి, తల ముందుకు సాగి సన్నని గొట్టంలా ఉంది. రెండు, తలలో చాలా భాగం జిగురు గ్రంథే. కండరం బిగిస్తే జిగురు దారంలా చిమ్ముతుంది. (దగ్గరకొచ్చిన చీమ కాళ్ళు కదపలేక అక్కడే అతుక్కుపోయింది.) మూడు, కళ్ళు లేవు. నాలుగు, దవడలు కుంచించుకుపోయాయి కనక చెక్కా కాగితమూ కొరకలేవు. కనిపించేవన్నీ సైనికులే కాబట్టి పెట్టెకు ప్రమాదం లేదని తేల్చి, కింద గీత కూడా గీశాను.

భోజనాల దగ్గర ఇదంతా అమ్మకు బోధించాను, వాటి నోటికి ఇంకొకరు అందించాల్సిందేనని కూడా చెప్పాను. ఆవిడ నా కంచంలో చారు పోస్తూ, “మరి ఆటికి తిండెట్టీవోలు ఎక్కడున్నారో సూసినావేటి?” అంది. సైన్సు తెలియని ఇంట్లో పుట్టానని విసుక్కుంటూ ఇంకో ముద్ద కలుపుకున్నాను.

చవితి మర్నాడు పెట్టె లేపితే అడుగుపలక రాలేదు. నా డిగ్రీ పట్టాలో పేరున్న మధ్యభాగం పోయి, చుట్టూ అంచులే మిగిలాయి. వర్క్‌షాపులో ఫిట్టరైన నాన్న దాన్ని వెలుతురుకేసి పట్టి, కన్నంలోంచి నన్ను చూశారు. “అంచులు ఠీక్ హైరా. మజ్జిలో నువ్వే నేవు.”

ఫ్యాక్టరీలో జిరాక్సు చూపించాను. అసలేదని అడిగిన పెద్దాయనకు గొట్టం తల, గ్రంథి, జిగురు గురించి పావుగంట వివరించాను, తెల్లకాగితం మీద బొమ్మ గీసి మరీ. ఆయన ఓపికగా విని, కొత్త పట్టా తెచ్చుకున్నాకే చేరమన్నాడు. అది రావడానికి మూడు నెలలు పట్టింది.

ఉద్యోగంలో చేరడానికి పట్టిన ఆ ఆలస్యానికి కారణం ఆఫీసులో ఇప్పుడూ ఎవరైనా అడుగుతుంటారు. “చెదలు” అని ఊరుకుంటాను. ఉద్యోగం చేజారుతున్నా గ్రంథి కొలతలు తప్పకూడదని బొమ్మ చెరిపి మళ్ళీ గీసిన ఆ కుర్రాడి మీద మాత్రం కోపం రాదు. అంత ఓపిక నాకిప్పుడు లేదు.