స్టవ్వుల షాకీర్ వాగు దాటిన వృత్తాంతం

కోరుట్ల చరిత్రను ఎవరైనా శ్రద్ధగా రాయదలిస్తే, స్టవ్వులు బాగుచేసే మాజీ జవాను షాకీర్ పంపు కొట్టే అలవాటుకు ఒక అధ్యాయం కేటాయించక తప్పదు. లోకంలో మిగతా మెకానిక్కులు స్టవ్వు చెడితే పంపు కొడతారు. షాకీర్ మాత్రం తన యుద్ధకథ ఒక వాగు దగ్గరికి రాగానే కొట్టేవాడు. చేతికందిన కిరోసిన్ స్టవ్వు వెలిగించి, అది బుస్సుమని ఊగిపోయేదాకా కొట్టేవాడు. ఆ మోతలో ఎవరికీ ఏమీ వినపడేది కాదు. మోత తగ్గేసరికి గిరాకీ వచ్చి ఉండేది, లేదా నమాజు వేళయి ఉండేది. భార్య అమీనాకు కూడా వాగు అవతలి సంగతి తెలియదు. ఆ విధంగా భారత సైన్యం నలభై ఏళ్లపాటు ఆ వాగు ఒడ్డునే నిలబడిపోయింది.

అది డెబ్బై ఒకటి నాటి యుద్ధం. తూర్పు పాకిస్తాన్ సరిహద్దులో, రైలుకట్ట అవతల ఒక చిన్న ఊరు. దాన్ని పట్టుకోవడానికి షాకీర్ పటాలం, యుద్ధం ప్రకటించకముందు నుంచే, మూడు వారాలు పోరాడింది. ముందు బురద పొలాలు, తర్వాత వాగు, వాగు వెనుక బంకర్లు, వాటిలో అలుపులేని మరతుపాకులు. షాకీర్ ఇదంతా షాపులోని బల్ల మీద పరిచి చూపేవాడు. బర్నర్లు బంకర్లు, వాషర్లు మనవాళ్లు. దాడి జరిగిన ప్రతిసారీ కొన్ని వాషర్లను తీసి డబ్బాలో వేసేవాడు. చాయ్ తాగుతూ చూసేవాళ్లకు డబ్బాలో పడే చప్పుడు బాగా నచ్చేది.

ఆ వాషర్లలో ఒకటి కథలాపూర్ ఎల్లన్న. షాకీర్‌తో పాటే పటాలంలో చేరి, వాగు దగ్గర పోయాడు. ఇంటికి తంతి వచ్చింది, మనిషి రాలేదు. భార్య రాజక్క బీడీలు చుట్టి బతికింది. కోరుట్లకు పనిబడి వచ్చినప్పుడల్లా షాకీర్ షాపు ముందు కూర్చుని, తన పెనిమిటి ఎట్లా పోయాడని అడిగేది. షాకీర్ ఆమెకు చాయ్ తెప్పించి, ఎంతో మర్యాదగా మొదలుపెట్టి, వాగు దగ్గర పంపు కొట్టేవాడు.

ఇంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, బడులకు తాళాలు పడ్డాయి, చౌరస్తాలో రిలే నిరాహార దీక్షల టెంటు లేచింది. రోజుకొక కులసంఘం వచ్చి సాయంత్రం దాకా ఆకలితో కూర్చునేది. టెంటు బాధ్యుడు ప్రేమ్‌కుమార్ అనే లెక్చరర్. తెలంగాణకు జరిగిన అన్యాయాల గురించి ఆయన ప్రసంగం మొదలవగానే జనానికి ఎక్కడలేని అర్జెంటు పనులు గుర్తొచ్చేవి. అందుకని ఆయన షాకీర్‌కు మైకు ఇచ్చాడు. యుద్ధం అనగానే జనం విరగబడ్డారు. టెంటులో స్టవ్వు లేని లోటును షాకీర్ తెలివిగా పూడ్చుకున్నాడు. వాగు రాగానే పిడికిలెత్తి ‘జై తెలంగాణ’ అనేవాడు. జనం అందుకునేవారు. ఆ మోత ముందు ఏ స్టవ్వూ చాలదు.

ఈ కబురు విన్న రాజక్క ఆటో కట్టించుకుని వచ్చింది.

“గింత దూరం ఎందుకచ్చినవ్ అవ్వా?” అని టెంటులో పక్కన కూర్చున్నామె అడిగింది.

“షాపుల అడిగితే పంపు కొడ్తడు. మైకు ముంగట యాడికి పోతడు?”

ఆమె వస్తుందని ముందే తెలిసిన ప్రేమ్‌కుమార్ జగిత్యాలలో ఫ్లెక్సీ కొట్టించాడు. ‘తెలంగాణ ముద్దుబిడ్డ, అమరుడు ఎల్లన్న’ అని రాయించాడు. ఫొటో దొరక్క, ఇంటర్నెట్‌లో కనిపించిన ఒక మీసాల జవాను బొమ్మ వేయించాడు.

“గీయనెవలు సారూ?” అంది రాజక్క.

“మీ ఆయనే గదమ్మా.”

“మా ఆయనకు అప్పటికి మీసాలే మొలువలే.”

ఆ రోజు దీక్ష పద్మశాలీలది. సిరిసిల్ల నుంచి మద్దతుకు వచ్చిన మరమగ్గాల కార్మికుడు మల్లేశం, మెడలో దండతో, కాలే కడుపుతో ముందు వరుసలో ఉన్నాడు. “షాకీర్ భాయ్, పొద్దటిసంది పాణం పోతున్నది. జర జల్ది వాగు దాటు” అన్నాడు.

షాకీర్ వాగు దాకా వచ్చి పిడికిలెత్తాడు. రాజక్క లేచి నిలబడింది.

“జై తర్వాత అందాం తమ్మీ. ఆయన ఎట్ల పోయిండు?”

పిడికిలి కాసేపు గాలిలోనే ఉండి దిగింది.

“కడుపుల తగిలింది వదినె.”

“ఎంటనే పోయిండా?”

“లే. పొద్దుగాల తగిలింది. పొద్దు గూకెదాక బురదల ఉన్నడు. నీళ్లడిగిండు.”

“ఎవ్వలు పోలేదా?”

“ఇద్దరు పోయిన్రు. ఆ ఇద్దరు గాడనే పడ్డరు. మల్ల హవల్దార్ ఎవ్వల్ని పోనియ్యలే.”

“నా పేరు తీసిండా?”

టెంటు మొత్తం అవుననే మాట కోసం ఎదురుచూసింది. నలభై ఏళ్లు గడువు దొరికినా షాకీర్ ఒక్క అబద్ధం తయారుచేసి పెట్టుకోలేదు.

“లే. హవల్దార్‌ను తిట్టిండు. పాణం పోయేదాక తిట్టిండు.”

టెంటు పగలబడి నవ్వింది. “మనోడే” అని మల్లేశం తొడ చరిచాడు. రాజక్క నవ్వు ఆగేదాకా నిలబడింది.

“సరే. గంతగనం కొట్లాడిన్రు. గా ఊరు దొరికిందా?”

“దొరకకపోవుడేందమ్మా” అని ప్రేమ్‌కుమార్ ఇంకో మైకు అందుకున్నాడు. “ఎల్లన్న నెత్తురుతోని మన జెండా...”

“నిన్ను అడగలే సారూ.”

“చెప్పు భాయ్, ఎట్ల గుంజుకున్నరు?” అన్నాడు మల్లేశం, చప్పట్లకు చేతులు సిద్ధం చేసుకుని.

“గుంజుకోలే” అన్నాడు షాకీర్. “ఎల్లన్న పోయిన రాత్రే పాకిస్తానోళ్లు ఖాళీ చేసి పోయిన్రు. ఎనుకకు రమ్మని ఆళ్లకు ఆ పొద్దుగాలనే హుకుం అచ్చిందట. తెల్లారి మేం నడుసుకుంట పోయినం.”

ఆ ఖాళీ ఊళ్లో ఒక మేక కట్టేసి ఉంది. పటాలం దాన్ని మధ్యాహ్నం వండుకుంది.