ఖాళీ స్లైడు

ఉయ్యూరు నుంచి రోజూ బస్సెక్కి వచ్చి, బెజవాడలో మైక్రోస్కోపు కింద చూసే గాజు స్లైడ్లకు రంగులెయ్యడం హెప్సిబాకి పద్దెనిమిదేళ్ల పని. బెంజ్ సర్కిల్ దగ్గర కింద రక్తపరీక్షల సెంటరు, పైన పరిశోధన ల్యాబు. డిగ్రీలవాళ్లు ఎంతమంది వచ్చిపోయినా ఆ పైగదిలో చెయ్యి తిరిగిన మనిషి ఆవిడే. ఆ మాట ఒప్పుకుంటే ఎవరి సొమ్మూ పోదు. అయినా ఒప్పుకోరు, అదీ కడుపుమంట.

ఆవిడకో పట్టుదల. ఎన్ని స్లైడ్లు చేసినా ఒకదానికి యాంటీబాడీ వెయ్యదు. మిగతా మందులన్నీ వేసి, అంచున పెన్సిలుతో "ఖాళీ" అని రాస్తుంది. పుస్తకాల్లోనూ ఉందట ఈ పద్ధతి, ఆవిడకు మాత్రం తండ్రి లాజరు దగ్గర అబ్బింది. లాజరు చెరకు బండి తోలేవాడు. ఫ్యాక్టరీ కాటా మీద నిండు బండిని తూచి, చెరకు దించాక ఖాళీ బండినీ తూస్తారు. అది తూచకపోతే చెరకెంతో, బండెంతో ఎవడు చెప్పాలి?

మొన్న వేసవిలో ల్యాబు హెడ్డు అనంతకృష్ణగారు చిట్టెలుక మెదడులో మూలకణాలు వెతకాలన్నారు. ఆ కణాల్లో నెస్టిన్ అనే ప్రొటీను ఉంటుంది. యాంటీబాడీ దాన్ని పట్టుకుంటుంది. ఆ యాంటీబాడీని పట్టుకునే రెండో మందు వేస్తే అక్కడ గోధుమరంగు తేలుతుంది.

"కుందేలులో తయారైన యాంటీబాడీ తెప్పించండి సార్," అంది హెప్సిబా. "చిట్టెలుకలో తయారైందైతే, అలాంటి యాంటీబాడీలు ఆ మెదడులో ముందే ఉంటాయి గనక రెండో మందు వాటికీ అంటుకుంటుంది. ఎక్కడ చూసినా గోధుమరంగే."

"ఏదైతే ఏంటమ్మా, నువ్వు చెప్పాలా నాకు?" అని గవర్నర్‌పేట డీలరు దగ్గర ఏది ఉంటే అదే తెప్పించారాయన. అది చిట్టెలుకదే.

ఆవిడ చెప్పినట్టే అయింది. అన్ని స్లైడ్లూ గోధుమరంగే, ఖాళీదీ అంతే. ఆయన మొహం మాత్రం వెలిగిపోయింది.

"ఎన్ని మూలకణాలో చూశావా?"

"ఖాళీది కూడా చూడండి సార్."

"అది పారెయ్. రేపు హైదరాబాదు నుంచి గ్రాంటిచ్చే కమిటీ వస్తోంది. వాళ్ల ముందు నోరు మెదిపావంటే కింద శాంపిళ్ల కౌంటర్లో కూర్చోబెడతా."

పద్దెనిమిదేళ్ల చేతికి దక్కిన మర్యాద అది. హెప్సిబా ఆ స్లైడు పారెయ్యలేదు. మిగతావాటి పక్కనే ట్రేలో ఉంచింది.

మర్నాడు కమిటీ పెద్ద శాంభవిగారు మైక్రోస్కోపు ముందు కూర్చున్నారు. అనంతకృష్ణగారు ట్రేలోంచి అన్నిటికన్నా చిక్కగా రంగు తేలిన స్లైడు ఏరి, అంచున ఏం రాసుందో చూడకుండానే లెన్సు కింద పెట్టారు. టెక్నీషియను రాత ఆయనెప్పుడు చదివారు గనక.

"నెస్టిన్ ఎంత స్పష్టంగా ఉందండీ," అన్నారావిడ. ఆయన కాలరు సర్దుకున్నారు.

గుమ్మం దగ్గర నిలబడ్డ హెప్సిబాకు ఒళ్లు మండిపోయింది. కౌంటరు కళ్లముందు మెదిలింది. అయినా ఊరుకోలేకపోయింది.

"మేడమ్, దానికి యాంటీబాడీ వెయ్యలేదండి. అంచున రాసుంది, చూడండి."

శాంభవిగారు స్లైడు తీసి చదివారు. మళ్లీ చదివారు. అనంతకృష్ణగారు చూసిన చూపుకి ఇంకొకరైతే తల దించుకునేవారు. హెప్సిబా ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించింది.

"రేపట్నుంచి కౌంటరే కదండీ, వెళ్తాను," అంది. "ఆ ఖాళీ స్లైడు మాత్రం పారెయ్యకండి సార్."