నోరు లేని ఫొటో

స్టూడియో మావయ్య నోరు తెరిచాడంటే వీధి చివర పడుకున్న కుక్క లేచి పక్క వీధికి కాపురం మారుస్తుంది. అట్లాంటి మనిషికి లోకం పెట్టిన పేరు 'నోరులేనాయన'. కారణం ఒక ఫొటో. వయసులో ఉండగా తనని తనే తీసుకున్నాడు. గుడ్లురిమే కళ్ళు, కత్తిలాంటి ముక్కు, దాని కింద గడ్డం దాకా ఇస్త్రీ చేసినట్టు ఉత్త చర్మం. అది చూసి జడుసుకున్న పిల్లలకి వేసిన మందులతో ఆసుపత్రి ఇంకో అంతస్తు లేచిందంటారు.

పత్రికలవాళ్ళు దాన్ని కొత్త పోకడ కళ అన్నారు. మాకు తెలిసింది గిరాకీ పోయిన కళ. "తన మొహాన్నే ఇట్లా చేసుకున్నవాడు మన పెళ్ళికూతుర్ని ఏం చేస్తాడో" అని జనం వేరే స్టూడియోలు చూసుకున్నారు. ఇల్లు నడిపింది అత్త. పాస్‌పోర్టు ఫొటోల నెగిటివ్‌ల మీద సూదిమొనలాంటి పెన్సిల్‌తో మొటిమలు, మచ్చలు, ముడతలు పూడ్చేది. ఆ చేతిలో పడితే శూర్పణఖకైనా సంబంధం కుదిరేది.

వాళ్ళిద్దరికీ మాటల్లేవు. స్టూడియో వెనక వాటాలో, ఒకప్పుడు జనాన్ని నిలబెట్టి ఫొటోలు తీసిన జలపాతం తెర అడ్డంగా కట్టుకుని, అటు ఆయన, ఇటు ఆవిడ. మాట అటూ ఇటూ మోయడానికి పక్కన కుట్టుమిషను పెట్టుకున్న నేను.

"ఆవిడకి చెప్పవే, కూరలో ఉప్పెక్కువైందని."

"ఆ ఉప్పు తిన్న విశ్వాసం ఎక్కడైనా మిగిలిందేమో వెతుక్కోమని చెప్పు ఆయనకి."

ఇట్లా ఉండగా పెద్ద మ్యూజియం నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఆ ఫొటోని తమ గోడకి శాశ్వతంగా ఎక్కిస్తారట. ముందు అది ఎప్పుడు, ఎట్లా తయారైందో పరీక్ష చెయ్యాలట. మావయ్య కాళ్ళు నేల మీద ఆనలేదు. జన్మంతా ఆయన కోరుకున్నది ఆ గోడ మీద ఒక్క మేకు.

నేను చేతిలో జాకెట్టుతో సహా వచ్చి గుమ్మంలో కూలబడ్డాను. ఆ అమ్మాయి వెలుగు పెట్టె మీద నెగిటివ్ పరిచి, గుర్రపు కన్నంత భూతద్దం తీసింది. మావయ్య పాత పాటే అందుకున్నాడు.

"కెమెరా కన్ను తెరిచిపెట్టి, దాని ముందు కూర్చుని ఆపకుండా మాట్లాడానండి. కదలనివి కాబట్టి కళ్ళూ ముక్కూ పడ్డాయి. కదిలింది కాబట్టి నోరు చెరిగిపోయింది. అదీ కిటుకు."

ఆపకుండా మాట్లాడాడన్న ముక్క వరకు ఎవరైనా నమ్ముతారు.

"నోరు కదిలితే గడ్డం కూడా కదలాలి కదండీ," అంది ఆ అమ్మాయి. "ఇక్కడ గడ్డం మీద ఒక్కో వెంట్రుకా స్పష్టంగా ఉంది." దీపాన్ని పక్కకి వంచి వెలుగు ఏటవాలుగా పడేట్టు పెట్టింది. "ఇదిగో, నోరుండాల్సిన చోట పెన్సిల్ మెరుస్తోంది. నోరు పడిందండీ. దాన్ని పెన్సిల్‌తో పూడ్చేశారు."

"పెన్సిలా? ఆ ఆడంగి పని నేనెప్పుడూ ముట్టుకోలేదు. నా గురించి రాసిన ఏ పత్రికైనా తీసి చూసుకోండి."

తవ్వుకున్న గోతిలో ఆయనే దిగాడు, మనం తోసే శ్రమ లేకుండా.

"మరి ఎవరు? కామాల్లాంటి గీతలు, అన్నీ ఎడమచేతి వాటం. దస్తూరీలాగా ఇదీ మనిషికొక రకంగా ఉంటుంది."

తెర వెనక కూరగాయలు తరిగే చప్పుడు ఆగింది. అత్త బయటికొచ్చింది. కత్తి ఎడమ చేతిలో ఉంది.

"నేనే. ఆ రోజు గిరాకీల ముందు నన్ను దున్నపోతని తిట్టాడు. కడుపు మండి, ఆరబెట్టిన నెగిటివ్‌లో ఆ నోరు పూడ్చేశా. చూసి చస్తాడనుకున్నా. ఇంతలో అచ్చేసి ఆరేసిన ఫొటోని ఎవడో చిత్రకారుడు చూసి అద్భుతమన్నాడు. ఈయన గుటకేసి, అవునండీ నేనే చేశానన్నాడు."

ఆ అమ్మాయి మెల్లగా చెప్పింది. "ఫొటో కింద పెట్టే అట్ట మీద ఉన్నది ఉన్నట్టు రాయకపోతే మావాళ్ళు దీన్ని తీసుకోరండీ."

మావయ్య నా వైపు తిరిగాడు. "చెప్పవే ఆవిడకి..."

నా నోట్లో గుండుసూదులున్నాయి. లేకపోయినా పలికేదాన్ని కాదు.

ఇక తప్పక ఆవిడకే చెప్పాడు. "ఏమే, నేనే చేసుకున్నానని ఒక్క ముక్కంటే నీ సొమ్మేం పోతుంది? ఇన్నేళ్ళు ఊరుకున్నదానివి."

"మొదటి మెట్టు మీద ఉన్నవాణ్ణి తోస్తే ఏం తగుల్తుంది? పైకి ఎక్కనిచ్చా."

"పోనీ ఇద్దరి పేర్లూ పెడదామా?" అంది ఆ అమ్మాయి.

"ఆయన పక్కన నా పేరు ఇంటిపన్ను కాగితం మీద ఉంది, ఆ పాపం చాలు. ఇట్లా రాయి తల్లీ. 'తన ఫొటో తనే తీసుకున్నాడు. నోరు మాత్రం భార్య తీసేసింది.' ఇంతే. ఒక్క అక్షరం తగ్గినా నేనొప్పుకోను."

మావయ్య కెమెరా స్టాండుని తన్నాడు. కాలు పట్టుకుని కుంటుతూ అత్తనీ, అత్త పుట్టింటినీ, పెన్సిల్ కనిపెట్టినవాణ్ణీ వరసపెట్టి తిట్టాడు. "జనం నవ్వరా?"

"ఇప్పుడేమన్నా ఏడుస్తున్నారా," అని అత్త మళ్ళీ తరుక్కోడానికి వెళ్ళిపోయింది.

ఆ అమ్మాయి దీపం సర్దుకుంది. భూతద్దం సంచిలో పెట్టుకుంది. నెగిటివ్‌ని కవర్లో పెట్టి ఆయనకే తిరిగి ఇవ్వబోయింది. ఆయన చెయ్యి చాపలేదు.

"రాయండి," అన్నాడు. ఆయన అంత తక్కువ మాట్లాడటం నేను పుట్టి ఎరగను.

ఫొటో ఎక్కించిన రోజు ముగ్గురం వెళ్ళాం. జనం ఫొటో ముందు ఆగారో లేదో గానీ, కింది అట్టముక్క దగ్గర తొక్కిసలాట. ఒకావిడైతే మొగుణ్ణి చొక్కా పట్టుకుని లాక్కొచ్చి చదివించింది. మావయ్య పక్కన నిలబడి, కదలడం వల్ల నోరెట్లా చెరిగిపోతుందో చెప్పబోయాడు. "కొంచెం జరగండి, చదవనివ్వండి," అన్నారు.

తిరిగొచ్చే బస్సులో ఆయన ముందు సీట్లో, ఆవిడ వెనక సీట్లో. కండక్టరు ఆయన్నడిగాడు, ఆ వెనకావిడ మీ తాలూకేనా అని.

"కాదు," అన్నారిద్దరూ.