ఇంగరమ్మ పద్యానికి గణాలు

అనుమానం పెనుభూతం అంటారు. మా వీధిలో అది ధోవతి కట్టుకుని బడికి వెళ్లేది. పేరు చెంచురామయ్య మాస్టారు. పాలవాడు చెంబు దించకముందే ఓ చుక్క గోటి మీద వేసి చూసేవాడు. వంకాయల్ని కొట్లోనే కోయించేవాడు. భద్రాచలం అడవి అంచున మా బళ్లో ఆయన తెలుగు పండితుడు, నేను లెక్కల మాస్టర్ని. యతి తప్పితే ఎంతటి కవినైనా దొంగ అనేసేవాడు, మహానుభావుడు!

ఆయన భార్య బుల్లెమ్మగారికి కుడిచేతి వేళ్లు మొద్దుబారి ముడుచుకుపోయాయి. మా ఊరి దవాఖానాలో ఇంగర్ అని డెన్మార్క్ నర్సు ఉండేది. రోజూ ఆ వేళ్లకు నూనె రాసి, తమ భాషలో ఒక పద్యం చదువుతూ పిడికిలి మూయించి తెరిపించేది. వచ్చిన రోగులందరి చేతా అదే పద్యం చదివించేది. ఎనభై నాలుగులో ఎవడో పుణ్యాత్ముడు, అది అడవిలో అన్నలకు సైగ అని పోలీసులకు ఊదాడు.

ఎస్సై మాస్టారిని పిలిపించాడు. “పంతులూ, గది పద్యమేనా? అవ్ అంటే ఆమె ఉంటది. కాదంటే ఎల్లుండి పొద్దుగాల బస్సెక్కిస్త.”

మాస్టారు ఇంగర్ చేత చదివించుకుని తెలుగు లిపిలో రాసుకున్నాడు. గురులఘువులు గుర్తించాడు. ఒక పాదంలో ఏడక్షరాలు, మరోదాంట్లో తొమ్మిది. ఏ గణమూ నిలవలేదు, మాత్రలు కూడినా కుదరలేదు. యతి లేదు, ప్రాస లేదు. పాదం విడిచి పాదం చివర మాత్రం ఒకే మోత. “మోత ఎవడికి చేతకాదు? ఇది పద్యం కాదు,” అని స్టేషన్లో చెప్పొచ్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

“ఇదేం పంతమండీ! ఆవిడ పోతే నా చెయ్యి ఎవరు చూస్తారు?” అని బుల్లెమ్మగారు ఏడ్చింది.

మర్నాడు సాయంత్రం నేను వాళ్లింటికి వెళ్లేసరికి బుల్లెమ్మగారు అరుగు మీద కూర్చుని, పద్యం గొణుగుతూ పిడికిలి మూసి తెరుస్తోంది. మాస్టారు ఆ చేతివంకే చూస్తున్నాడు. ఏడక్షరాల పాదానికి పిడికిలి నాలుగుసార్లు మూసుకుంది. తొమ్మిదక్షరాలదానికీ నాలుగుసార్లే.

“మళ్లీ చదవవే!” అన్నాడు. మళ్లీ నాలుగే.

“ఓరి నాయనోయ్! వీళ్లు అక్షరాలు తూచరయ్యా. ఒత్తి పలికే చోట్లే లెక్క. నడుమ చిన్నక్షరం ఒకటుంటే ఏం, రెండుంటే ఏం! పద్యమే ఇది, లక్షణమైన పద్యం!” చెప్పులు కూడా వేసుకోకుండా స్టేషన్‌కు పరుగెత్తాడు. వెనకే నేనూ.

ఎస్సై అంతా విన్నాడు. “నిన్న కాదంటివి, ఇయ్యాల అవునంటున్నవ్. ఏంది పంతులూ, దొరసాని ఏమిచ్చింది?”

“అయ్యో, నా భార్య చెయ్యి చూస్తే మీకే తెలుస్తుంది...”

“ఓహో! నీ భార్య గూడ చదువుతదా గిది?”

మాట పెరగకముందే మాస్టారిని నేనే చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను. పొద్దున్నే ఇంగర్‌ను సత్తుపల్లి బస్సెక్కించారు.

ఆ తరవాత రోజూ తలుపులు మూసి, మాస్టారే భార్య వేళ్లకు నూనె రాసేవాడు. పద్యం పైకి చదవడానికి భయం. పాదానికి నాలుగేసి చొప్పున ఆవిడ మోకాలి మీద వేలితో తట్టేవాడు.

బుల్లెమ్మగారు ప్రతిసారీ ఆయన వేలివంకే గుచ్చి చూసేది. “సరిగ్గానే కొడుతున్నారా?” అని అడిగేది. “మీ లెక్క మీద నాకు నమ్మకం లేదు.”