దోమతెరలో చేప పిల్లలు

నాయిన పనిచేసే మందుల కంపెనీ మూతపడాలని నేను చాలాకాలం దేవుణ్ణి వేడుకున్నాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ జీతంతోనే. అయినా బొల్లారం వెళ్లే కంపెనీ బస్సు ఆయన్ను ఎక్కించుకుని పోతుంటే, మళ్లీ వల భుజాన వేసుకుని చెరువుకు పోయే రోజు రావాలని కోరుకునేదాన్ని.

నా చిన్నతనంలో ఊరిని సగం సాకింది ఆ చెరువే. మిరుగు నాడు, అంటే మృగశిర కార్తె మొదటి రోజు, ప్రతి ఇంట్లో చేపల కూర ఉడకాల్సిందే. తొలి వానకు వాగులోంచి కొత్త నీళ్లు దిగుతుంటే చేపలు ఎదురెక్కి వచ్చేవి. నాయిన వాళ్లు మోకాటి లోతు నీళ్లలో నిలబడి పట్టేవాళ్లు. కడుపు నిండా గుడ్లున్న చేప చేతికి తగిలితే తిరిగి వదిలేసేవాళ్లు. కొనలేని వాళ్ల ఇళ్లకూ దోసెడు చిన్న చేపలు వెళ్లేవి. వాటిని ఎండబెట్టి దాచుకుని, కూరగాయలు దొరకని రోజుల్లో జొన్నరొట్టెలోకి వండుకునేవాళ్లు.

తర్వాత ఆ వాగులోకే కంపెనీల నీళ్లు కలిశాయి. ఒక ఏడు తొలి వానకు చేపలు తెల్లటి కడుపులు పైకి పెట్టి తేలాయి. ఇక మా చేపలంటే ఎవరూ కొనలేదు. నాయిన వలను దూలానికి వేలాడదీసి కంపెనీలో చేరాడు. నేను పటాన్‌చెరు లైబ్రరీలో కూర్చుని, సముద్రాల్లో చేపలు తరిగిపోతున్నాయని చదివేదాన్ని. ఎన్నడూ చూడని సముద్రాల గురించి చదువుతున్నా కళ్ల ముందు మా చెరువు కట్టే కనిపించేది.

నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక ఏడు వానలు గట్టిగా పడి చెరువు నిండింది, మత్తడి మీంచి నీళ్లు దూకాయి. నీళ్లు తేటపడ్డాయి. చేప పిల్లల్ని పోద్దామా వద్దా అని చేపలు పట్టేవాళ్ల సంఘం తర్జనభర్జన పడింది. ముందు కొన్నిటిని పెట్టి చూద్దామన్నాడు నాయిన. నీళ్లలో నాలుగు వెదురు కర్రలు పాతి, పాత దోమతెర కట్టి, అందులో రవ్వ చేప పిల్లల్ని వదిలాడు. అవి నిలిస్తే కంపెనీ మానేస్తానని అమ్మతో అన్నాడు. ఆయనది పొద్దుటి షిఫ్టు కావడంతో తవుడు వేసే పని నాకు అప్పజెప్పాడు.

తెల్లవారకముందే లేచి చెరువుకు పోయేదాన్ని. మా మేనత్త భర్త, నేను మామ అని పిలిచే ఆయన, బర్రెలు తోలుకుపోతూ కట్ట మీద ఆగేవాడు.

"ఏం కోడలా, చేపలకు ట్యూషన్ చెప్తున్నవా? పాసైతయా?"

సిగ్గుతో తల వంచుకునేదాన్ని. తవుడు పడగానే తెర లోపలి నీళ్లు చిటపటలాడేవి. ఇంటికొచ్చి డైరీలో 'బతికే ఉన్నాయి' అని రాసుకునేదాన్ని. రోజూ అదే వాక్యం. రోజూ కొత్తగానే ఉండేది.

చలికాలానికి అరచేయంత అయ్యాయి. ఒక ఆదివారం నాయిన నాలుగు చేపలు తెచ్చాడు. ఈల వేసుకుంటూ పొలుసు గీకాడు. మామ కూడా తినడానికి వచ్చి కూర్చున్నాడు. అమ్మ పులుసు పోసి మూత పెట్టింది. ఉడుకు పట్టేసరికి ఇంటినిండా వాసన కమ్మింది. షిఫ్టు దిగి నాయిన విప్పే చొక్కాకు ఉండే మందుల వాసన అది.

నాయిన ఒక ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. బయటికి పోయి ఉమ్మేసి వచ్చాడు.

"బతుకుడైతే బతికినయ్ బావా," అన్నాడు మామతో. "తినేతందుకైతే కావు."

మామ ఆ పూట ఏ పరాచికమూ ఆడలేదు. అమ్మ గిన్నెను పెరట్లోకి తీసుకుపోయి, కుక్కలు ముట్టకుండా గుంత తీసి పూడ్చింది.

సాయంత్రం నాయిన దోమతెర విప్పి మిగిలిన చేపల్ని చెరువులోకి వదిలేశాడు. తడి తెరను నేనూ ఆయనా చెరో కొస పట్టుకుని పిండాం. వచ్చే ఏటికైనా నీళ్లు మారుతాయేమో అని అడగబోయాను. ఆయన కర్రలు భుజాన ఎత్తుకున్నాడు. ఆ రోజుకు నాతో అన్న చివరి మాట ఇదే:

"రేపటి సంది పొద్దుగాల్ల లేవకు బిడ్డా. జెరసేపు పండుకో."